బెర్లిన్ బాంబరు కాబూల్ మీద

బాంబుకు మతం లేదంటారు. నిజమే కావచ్చు. కానీ బాంబుల గురించి రాసిన రాతలకు మతముంది, జాతుంది, రంగుంది. ఒకే పని ఒక నగరం మీద జరిగితే రాక్షసత్వం, ఇంకో నగరం మీద జరిగితే సాహసం. మేం ఇక్కడ మాట్లాడదల్చుకున్నది ఆ రాతల గురించే. ఎంతో దూరం ఎగిరి వెళ్లి శత్రువు రాజధాని మీద బాంబులేసి రావడమనే యుద్ధనీతి ఎట్లా పుట్టిందో, దాన్ని ఏ భాషలో చెప్తూ వచ్చారో తెలియాలంటే 1919 మే 24 నాటి కాబూల్ దాడిని మించిన ఉదాహరణ మాకు కనపడలేదు.

మొదటి ప్రపంచయుద్ధం చివర్లో బ్రిటన్‌లోని హాండ్లీ పేజ్ కంపెనీ వి/1500 అనే బాంబరు తయారు చేసింది. నాలుగు ఇంజన్లు, ఈ కొస నుంచి ఆ కొసకు 126 అడుగుల రెక్కలు. ఇంగ్లండు నేల మీంచి లేచి బెర్లిన్ మీద బాంబులేసి రావడమే దాని పని. 1918 నవంబరులో నార్‌ఫోక్‌లో మూడు విమానాలు సిద్ధంగా నిలబడ్డాయి. 11వ తేదీన యుద్ధం ఆగిపోయింది. బెర్లిన్ అప్పటికి బతికిపోయింది.

కానీ విమానం మిగిలిపోయింది. ఆ రకం విమానమే ఒకటి డిసెంబరులో ఇంగ్లండులో బయల్దేరి, కైరో, బాగ్దాద్‌ల మీదుగా 1919 జనవరికి కరాచీ చేరింది. మే నెలలో మూడో ఆఫ్ఘన్ యుద్ధం వచ్చింది. సరిహద్దు దాటి మొదలుపెట్టింది అమీర్ అమానుల్లా సైన్యమే. దాన్ని దాచాల్సిన అవసరం మాకు లేదు. మే 24న కెప్టెన్ హాలీ పెషావర్ దగ్గరి రిసాల్‌పూర్‌లో ఆ విమానాన్ని లేపి, కొండలు దాటించి, కాబూల్‌లో అమీర్ రాజభవనం ఉన్న ప్రాంతం మీద ఇరవై బాంబులు వేశాడు. నాలుగు పెద్దవి, పదహారు చిన్నవి. మొత్తం బరువు 350 కిలోల దాకా ఉంటుంది. ఆ రోజు విక్టోరియా రాణి పుట్టినరోజు, అంటే సామ్రాజ్య దినోత్సవం. బెర్లిన్ కోసం కన్న కల కాబూల్ మీద తీరింది.

ఇంతవరకూ జరిగిన సంగతి. దీన్ని వైమానిక చరిత్రలు ఎట్లా చెప్తాయో చూడండి.

ఆ కథనాల్లో కథానాయకుడు యంత్రం. ప్రతినాయకుడు కొండ. బరువైన విమానం అంత ఎత్తు లేస్తుందా, కనుమ దాటుతుందా, తిరిగి రాగలదా అన్నదే ఉత్కంఠంతా. కాబూల్ ఒక గమ్యం, పటం మీద ఒక చుక్క. అక్కడ సంతలుంటాయనీ, బడులుంటాయనీ, మనుషులుంటారనీ ఆ కథకు అక్కర్లేదు. బాంబుల బరువు పౌన్లతో సహా లెక్క చెప్పిన రాతలు కింద ఉన్నవాళ్లలో ఒక్కరి పేరూ చెప్పవు.

కింద మనుషులు ఒకే ఒక్కచోట కనిపిస్తారు. బాంబులు పడగానే అమీర్ అంతఃపుర స్త్రీలు హడలిపోయి వీధుల్లోకి పరుగెత్తారట. ఈ ముక్కను చాలా రాతలు వదలకుండా చెప్తాయి. చెప్పే తీరులో ఒక నవ్వు ఉంటుంది. మేం ఆగి అడిగేది ఇక్కడే. లండన్ మీద జెప్పలిన్ బాంబు పడినప్పుడు పరుగెత్తినవాళ్లు స్త్రీలు, తల్లులు. కాబూల్‌లో పరుగెత్తినవాళ్లు హారెం. ప్రాణభయం ఒకటే అయినప్పుడు మాట ఎందుకు మారింది? మనిషిని హారెం అన్నాక ఆమె భయం వినోదమైపోతుంది. ఈ కిటుకు మాకు కొత్తది కాదు. తెలుగు కథల్లోకి మా అమ్మలూ అక్కలూ చాలాకాలం బురఖాలుగానే వచ్చారు, మనుషులుగా రాలేదు. అందుకే ఆ నవ్వు మా చెవికి వెంటనే దొరుకుతుంది.

ఇక మూడో ముక్క. ఒక్క విమానం ఒక్క యుద్ధాన్ని ముగించిందని. ఇది వినడానికి బావుంటుంది గానీ తేదీలు ఒప్పుకోవు. కాబూల్ దాడి జరిగిన మూడో రోజున, మే 27న, నాదిర్ ఖాన్ సేనలు థల్ కోటను ముట్టడించాయి. దాన్ని విడిపించడానికి వెళ్లింది జలియన్‌వాలాబాగ్ డయ్యరే. బాంబుల దెబ్బకు మనోధైర్యం పోయిన దేశం చేసే పనేనా అది? యుద్ధం జూన్ మొదట్లో ఆగింది. నాలుగేళ్ల మహాయుద్ధంతో అలిసిన బ్రిటిష్ సైన్యానికీ అది ఆగడమే కావాలి. ఆగస్టు 8న రావల్పిండిలో కుదిరిన ఒప్పందంతో ఆఫ్ఘనిస్తాన్ తన విదేశాంగ వ్యవహారాలను తన చేతిలోకి తీసుకుంది. అమానుల్లా అడిగింది అదే. అయినా విజయం విమానానిదే అని రాసుకున్నారు. ఎందుకంటే ఆ విమానానికి ఇంకా చాలా పనులున్నాయి.

ఈ రాతల పక్కన పెట్టి చదవాల్సిన రాత ఇంకోటుంది. అమానుల్లా వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌కు రాసిన ఉత్తరం. లండన్ మీద జెప్పలిన్లు బాంబులేస్తే మీరు దాన్ని పరమ అనాగరికమన్నారు, ప్రార్థనా స్థలాల మీద దాడిని ఘోరమన్నారు, ఇప్పుడు మా కళ్లారా చూస్తే అది నాగరికులైన పాశ్చాత్యులందరికీ ఉన్న అలవాటేనని తెలిసింది - ఇదీ దాని సారం. ఎంత మర్యాదగా అంటించాడో చూడండి! తిట్టు లేదు, శాపం లేదు, జిహాద్ కేక లేదు. ఎదుటివాడి కొలబద్దనే తీసుకుని ఎదుటివాణ్ణి కొలిచాడు. ఆ కాలపు రాజకీయ వచనంలో ఇంత పదునైన వాక్యం అరుదని మా అభిప్రాయం.

అతను లండన్‌ను తక్కువ చేయలేదు. మేమూ చేయం. 1915 మే 31న లండన్ మీద మొదటి జెప్పలిన్ బాంబు పడింది. 1917 జూన్ 13న పట్టపగలు గోథా విమానాలొచ్చి 162 మందిని చంపాయి. పాప్లర్ పేటలో ఒక బడి మీద బాంబు పడి 18 మంది పిల్లలు పోయారు. వాళ్ల స్మారకం ఆ పేటలో ఇప్పటికీ ఉంది. ఆ పిల్లలు కూలీనాలీ చేసుకునే వాళ్ల బిడ్డలు. వాళ్ల కోసం ఏడవలేనివాడు కాబూల్ కోసం ఏడిస్తే ఆ ఏడుపును మేం నమ్మం.

అట్లాగే దీన్ని తెల్లవాళ్లు, ముస్లింలు అని రెండు గీతలుగా గీసుకోలేం. కాబూల్‌కు నలభై రోజుల ముందే, ఏప్రిల్ 14న, పంజాబ్‌లోని గుజ్రాన్‌వాలా మీద బ్రిటిష్ విమానాలు బాంబులేశాయి. సొంత పాలనలోని జనం మీదే. ఆ గడ్డ మీద హిందువులు, ముస్లింలు, సిక్కులు అందరూ ఉన్నారు.

ఇంకా చేదైన సంగతి మా ఇంటిదే. 1918లో జర్మనీ నగరాల మీద దూరపు దాడులు చేసిన బ్రిటిష్ దళాల్లో 110వ స్క్వాడ్రన్ ఒకటి. దాని పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. దాని విమానాలకు డబ్బిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఒక్కో విమానం మీద ఆయన కానుక అని రాసి ఉండేది. ఆ డబ్బు ఎవరిది? పన్ను కట్టిన తెలంగాణ, మరాట్వాడా, కర్ణాటక రైతులది. ఫ్రాంక్‌ఫర్ట్ మీద పడిన బాంబులో మా పల్లెల చెమట ఉంది. తర్వాత 1923లో అదే హాండ్లీ పేజ్ కంపెనీ కొత్త బాంబరును ఎగిరించింది. దానికి పెట్టిన పేరు హైదరాబాద్. దాని తర్వాతి రకానికి హినైదీ అన్నారు. హినైదీ అంటే బాగ్దాద్ దగ్గర బ్రిటిష్ వైమానిక స్థావరం. మా ఊళ్ల పేర్లు బాంబర్లకు పెట్టుకున్నారు. మా ఊళ్ల మనుషుల పేర్లు మాత్రం వాళ్ల పుస్తకాలకెక్కలేదు.

నిజాం ముస్లిం గనక ఆయన చేసిందంతా మాదే అని కొందరంటారు. ముస్లింలు గనక మీరంతా నిజాం వారసులే అని ఇంకొందరంటారు. రెండూ మాకొద్దు. విమానం కొన్న నవాబు, దాని కింద నిలబడ్డ మనిషి ఒకే కలిమా చదివినా ఒక్కటి కాలేరు. మా అస్తిత్వం సింహాసనాల వైపు లేదు, నేల వైపు ఉంది.

కాబూల్‌లో నేర్చిన పాఠమని చెప్పుకున్నది అక్కడితో ఆగలేదు. 1922 నుంచి ఇరాక్‌ను అదుపులో పెట్టే పని బ్రిటిష్ వైమానిక దళం చేతికొచ్చింది. పన్ను కట్టని తెగల ఊళ్ల మీద బాంబులేసి పాలించడమనే పద్ధతి. అక్కడ పనిచేసిన ఆర్థర్ హారిసే రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ల దళానికి అధిపతి అయ్యాడు. బెర్లిన్‌ను నేలమట్టం చేస్తే జర్మనీ ఓడిపోతుందని చర్చిల్‌కు మాటిచ్చాడు. 1943 నవంబరు నుంచి 1944 మార్చి దాకా దాడులు సాగాయి. వేలమంది బెర్లిన్ జనం చచ్చారు, సుమారు 500 విమానాలు కూలాయి, వాటిలోని కుర్రాళ్లు పోయారు. జర్మనీ లొంగలేదు. నాజీల మీద యుద్ధం న్యాయమైనదే. ఆ న్యాయం, వీధుల్లో పడుకున్న ముసలమ్మను లక్ష్యంగా మార్చేసే లెక్కను న్యాయం చేయదు.

2001 అక్టోబరులో అమెరికా బాంబర్లు మిస్సోరీలో లేచి నలభై గంటలకు పైగా ఎగిరి ఆఫ్ఘనిస్తాన్ మీద బాంబులు వేశాయి. పత్రికలు మళ్లీ యంత్రం గురించే రాశాయి. ఎంత దూరం, ఎంత ఓర్పు, గాలిలోనే ఇంధనం ఎట్లా నింపుకున్నారు! 1919 నాటి వాక్యమే, ఇంజను మాత్రం మారింది.

అందుకే ఇట్లాంటి రాత ఏది చేతికొచ్చినా మేం ఒక్క ప్రశ్నతో మొదలుపెడతాం. రచయిత ఎక్కడ నిలబడి రాశాడు, పైనా, కిందా? పైన నిలబడితే ఏ నగరమైనా చుక్కే. కింద నిలబడితే లండన్‌కూ, బెర్లిన్‌కూ, కాబూల్‌కూ తేడా లేదు. కింద నిలబడి రాసే సాహిత్యం మాకు కావాలి. అది ఎవరు రాసినా సరే, ఏ భాషలో రాసినా సరే, మా సాహిత్యమే.