రుద్రమదేవి ప్రత్యర్థులు: ఆధారాల విమర్శ

రుద్రమదేవి (1262–1289) అధికారాన్ని సవతి సోదరులు హరిహరదేవుడు, మురారిదేవుడు ఎదిరించారని ఏకామ్రనాథుని ‘ప్రతాపరుద్ర చరిత్రము’ చెబుతుంది. ఈ కథనాన్ని మీరు యథాతథంగా స్వీకరించరాదు. ఈ గ్రంథం కాకతీయుల పతనం తరువాత చాలా కాలానికి వెలువడింది. సమకాలీన శాసనాలలో ఆ సోదరుల ప్రస్తావన లేదు. రాజ్యం కొడుకులదేనన్న భావనే ఈ కథకు మూలం కావచ్చు.

కాయస్థ నాయకుడు అంబదేవుని తిరుగుబాటుకు మాత్రం శాసనాధారం ఉంది: 1290 నాటి త్రిపురాంతకం శాసనం అతని విజయాలను వర్ణిస్తుంది. అయితే అది ఆత్మస్తుతి అని మరవకండి. 1289 నాటి చందుపట్ల శాసనం రుద్రమ, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని తెలుపుతుంది. ఎలా మరణించారో చెప్పదు. అంబదేవుడే చంపాడన్నది చరిత్రకారుల ఊహ. సమాధానం రాసేటప్పుడు ఆధారాన్నీ ఊహనూ వేరుచేసి చూపండి.