పగడపు తొట్టె: నీటి పాలనము

ఉష్ణమండల సముద్రములలో పగడపు దిబ్బలు వర్ధిల్లు చోట నీరు అడుగు కనబడునంత నిర్మలముగ నుండును. ఆ నైర్మల్యమునకు మూలకారణము పోషకదారిద్ర్యమే. నత్రజనియు భాస్వరమును గల లవణములు అచ్చట అత్యల్పము కావున, నీట తేలు సూక్ష్మశైవలములు పెంపొందవు, నీటికి పచ్చదనము పట్టదు. ఇంతటి బీదనీటిలో అంతటి ప్రాణిసంపద యెట్లు నిలిచినదను సంశయము, 1842లో పగడపు దిబ్బల నిర్మాణమును గూర్చి గ్రంథము ప్రకటించిన చార్లెస్ డార్విన్ పేరిట నేటికిని ప్రచారమున నున్నది. పగడపు జీవి దేహకణములలోనే ఏకకణ శైవలములు కాపురముండి, సూర్యకాంతితో తాము వండుకొన్న ఆహారములో అధికభాగమును ఆశ్రయదాతకిచ్చి, ఆ జీవి విసర్జించు అమ్మోనియాను, బొగ్గుపులుసు వాయువును తాము గ్రహించును. దిబ్బపై నివసించు తక్కిన ప్రాణులలోను ఒకదాని వ్యర్థము వేరొకదానికి గ్రాసమగుచుండుటచే, చేతికందిన పోషకము చేజారి పోవుట అరుదు. ఇంటిలో గాజుతొట్టె నమర్చి పగడములను పెంచబూనినవాడు ఈ పొదుపు నభ్యసింపవలసి యున్నది.

ఈ విద్య ఒక్కనాట పుట్టినది కాదు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ ఆంగ్లదేశమున ఆక్వేరియమును గూర్చి వ్రాసిన గ్రంథము సముద్రజీవులను గాజుతొట్టెలో పెంచు వేడుకను ఇంటింటికి చేర్చినను, పగడములు మాత్రము చిరకాలము పెంపకమునకు లొంగలేదు. 1961లో జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్, సముద్రము నుండి తెచ్చిన, సూక్ష్మజీవులు నెలకొన్న సజీవశిలలను తొట్టెలో నింపి, గాలిబుడగల చలనము తప్ప వేరు యంత్రము లేకయే జీవులను పోషించిన తన పద్ధతిని పత్రికాముఖమున వెల్లడించెను. అనంతరము బెర్లిన్ నగరపు ఔత్సాహికులు ఆ సజీవశిలలకు తీక్ష్ణమైన దీపములను, నురుగు తీయు యంత్రమును జతచేసి రాతిపగడములను సైతము పెంచగలిగిరి. అమెరికాలో వాల్టర్ ఏడీ నాచుతోనే నీటిని శుద్ధిచేయు మార్గమును, మొనాకోలో జాఁ జోబెర్ మందమైన ఇసుకపొర క్రింద నీటి అరనుంచు మార్గమును కనిపెట్టిరి. దారులు వేరైనను వారందరు ఎదుర్కొన్న ప్రశ్న యొక్కటే: లోనికి వచ్చినదానిని బయటికి పంపుటెట్లు?

లోనికి వచ్చునది ముఖ్యముగా చేపల ఆహారము. చేప తిని విసర్జించిన దానినుండియు, తినక విడిచి కుళ్లిన దానినుండియు అమ్మోనియా పుట్టును. శిలల పైనను ఇసుకలోను నివసించు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. ప్రాణవాయువు చొరని శిలాగర్భమున మరియొక జాతి సూక్ష్మజీవులు ఆ నైట్రేటును విడగొట్టి నత్రజని వాయువుగా గాలిలోనికి వదలును. నత్రజనికి ఈ విధముగ ఆకాశమార్గము గలదు. భాస్వరమునకు అట్టి మార్గము లేదు. నురుగుతోనో, కోసి తీసిన నాచుతోనో, మార్చిన నీటితోనో తప్ప భాస్వరపు లవణమైన ఫాస్ఫేటు తొట్టెను వీడి పోజాలదు. అంతేగాక అది సున్నపురాతికి అంటుకొని దాగియుండి, నీటిలో పరిమాణము తగ్గినపుడు మరల కరగి వచ్చును. పరీక్షలో ఫాస్ఫేటు నేడు తగ్గి, నాలుగు దినములకే పూర్వస్థితికి చేరినచో, దోషము దానిని తగ్గించుటకు వాడిన మందుది కాదు. సంవత్సరముల తరబడి రాతిలో చేరిన నిలువ అది.

నాచును శత్రువుగా నెంచుట సహజమే గాని, దానిని చదువ నేర్చినవానికి అది తొట్టె యొక్క చరిత్రను చెప్పును. క్రొత్త తొట్టెలో తొలుత గోధుమవర్ణపు పొడివలె పరచుకొనునవి డయాటములు. నీటిలోని సిలికా తరిగిన వెంటనే అవి తమంతట తామే సన్నగిలును. ఇసుకపై ఎఱ్ఱని జిగురుపొర కప్పు సయనోబ్యాక్టీరియా, ప్రవాహము మందగించి మడ్డి పేరుకొన్న తావులను చూపును. శిలలపై పచ్చని వెండ్రుకనాచు దట్టముగ పెరుగుచు, పరీక్షలో ఫాస్ఫేటు శూన్యమని వచ్చినచో మోసపోరాదు. ఆ ఫాస్ఫేటంతయు నాచు శరీరమందే యున్నది. గులాబిరంగు పెచ్చుగా శిలలను కప్పు కొరలైన్ శైవలము మాత్రము సున్నము, క్షారత నిలకడగా నున్నవనుటకు శుభసూచకము.

నాచు నదుపున నుంచుటలో మేపరుల పాత్ర యెంతటిదో ప్రకృతియే యొకసారి చాటినది. 1983లో పనామా తీరమున మొదలైన తెగులు మరుసటి సంవత్సరమునకు కరీబియన్ సముద్రమంతట వ్యాపించి, డయడీమా అను నల్లని ముళ్లజీవులను దాదాపు తుడిచిపెట్టగా, అనేక దిబ్బలపై నాచు పెరిగి పగడములను కప్పివైచెను. కావుననే పెంపకందార్లు నత్తలను, ముళ్లజీవులను, టాంగ్ చేపలను తొట్టెలో నుంతురు. అయితే నత్త నాచును మేసినంత మాత్రమున పోషకము తొట్టెను వీడినట్లు కాదు. మలరూపమున అది నీటిలోనికే తిరిగి వచ్చును. మేపరి పని కోత. కోసినదానిని బయట వేయు పని వేరొక సాధనమునది.

ఆ సాధనములలో మొదట చెప్పదగినది స్కిమ్మరు. బెల్లము వండువారు మరుగుచున్న చెఱకురసముపై తేలిన మడ్డిని జల్లెడగరిటతో తీసివేయునట్లు, ఈ యంత్రము ఉప్పునీటిలో సన్నని గాలిబుడగలను రేపి, వాని నంటుకొని వచ్చు సేంద్రియ పదార్థములను నురుగు రూపమున పైనున్న గిన్నెలోనికి నెట్టును. అవి కుళ్లి నైట్రేటుగా మారకమునుపే తొట్టెను వీడును. రెండవది ప్రక్కతొట్టెలో పెంచు కీటోమార్ఫా అను నూలుపోగుల వంటి నాచు. ప్రధానమైన తొట్టెలో దీపములారిన రాత్రివేళ అచ్చట వెలుతురుంచినచో, బొగ్గుపులుసు వాయువు పీల్చబడి నీటి ఆమ్లత్వము రాత్రియందు పెరుగకుండును. పెరిగిన నాచును పిడికెళ్లతో తీసి పారవేయుటయే ఇచ్చటి ఎగుమతి. మూడవది ఫాస్ఫేటును పట్టియుంచు ఐరన్ ఆక్సైడు గుళికలు. వానిని ఒక్కసారిగ అధికముగ వాడినచో ఫాస్ఫేటు హఠాత్తుగ పడిపోయి పగడముల మాంసము ఊడిపోవుటయు కలదు. నాలుగవది వోడ్కానో వెనిగరునో చుక్కలుగా పోసి సూక్ష్మజీవులను పెంచి, అవి నత్రజని భాస్వరములను గ్రహించిన పిదప స్కిమ్మరుతో తీసివేయు పద్ధతి. మోతాదు మించినచో నీరు పాలవలె తెల్లబడి, ప్రాణవాయువు క్షీణించి చేపలు చచ్చును.

ఇక నీటి మార్పు. ఇది కడుగుట యనుకొనువారు పలువురు. నిజమునకు ఇది అంకగణితము. తొట్టెలో వారమునకు లీటరుకు 2 మిల్లీగ్రాముల నైట్రేటు చేరుచున్నదనుకొందము. ప్రతివారము నూటికి 10 వంతుల నీరు మార్చినచో, ఆ పరిమాణము మెల్లగా పెరిగి 20 వద్ద నిలుచును. 20లో పదియవవంతైన 2, వారమున చేరిన 2తో అప్పుడే సరిపోవును గదా. వారమునకు 25 వంతులు మార్చినచో 8 వద్ద నిలుచును. మార్చు నీరు 10 వంతులే యుంచి, చేరు నైట్రేటు సగమగునట్లు ఆహారము తగ్గించినచో 10 వద్ద నిలుచును. ఒక్కదినమున సగము నీరు మార్చి చేతులు దులుపుకొన్నవాని తొట్టెలో 20 నుండి 10కి దిగిన కొలత, రాబడి తగ్గలేదు గనుక, తిరిగి పాత మెట్టునకే యెక్కును.

నీరు కలుపుటలోను శ్రద్ధ వలయును. కుళాయినీటిలోను బోరునీటిలోను ఫాస్ఫేటు, సిలికా, నైట్రేటు ఉండవచ్చును గనుక, ఆర్.ఓ. పొరగుండ నడిపి, ఆపై రెసిన్ గుండ వడపోసిన నీటినే వాడవలెను. మన ఇండ్లలోని తాగునీటి ఆర్.ఓ. యంత్రములు పెక్కు రుచికొరకు కొంత లవణమును తిరిగి కలుపును, కావున అవి యిందుకు చాలవు. నీటిలో ఉప్పును పోసి, పంపుతో రాత్రియంతయు త్రిప్పి, కిలోగ్రామునకు 35 గ్రాముల లవణీయతను, 25, 26 డిగ్రీల వేడిమిని సరిచూచి, పాతనీటితో సమానమైన పిదపనే వాడవలెను. తీయు నీటితోపాటు ఇసుకలోని మడ్డిని గొట్టముతో లాగివైచుట మరువరాదు. ఆవిరైన నీటికి బదులు మంచినీరే పోయవలెను; ఉప్పు ఆవిరి కాదు గదా.

తొలితరములవారు పోషకములను శూన్యమునకు తెచ్చుటయే పరమార్థమని తలచిరి. అనుభవము వేరు పాఠము నేర్పినది. నైట్రేటును ఫాస్ఫేటును పూర్తిగ లేకుండ చేసిన తొట్టెలలో పగడములు పాలిపోయినవి. పోటీయిచ్చు శైవలములు నశించిన ఖాళీలో డైనోఫ్లాజెల్లేటులు గోధుమరంగు జిగురుతీగలుగా పెరిగి, తిన్న నత్తలను చంపినవి. సముద్రములోని ప్లవకములందు కర్బన, నత్రజని, భాస్వర పరమాణువులు 106:16:1 పాలున నుండునని ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ గుర్తించిన విషయము ఇచ్చట ఉపకరించును: ఆ రెండు పోషకములను జీవులు జంటగా గ్రహించును గనుక, నైట్రేటు అడుగంటినచోట ఫాస్ఫేటును తినువారుండరు. అందుచేతనే నేడు పలువురు నైట్రేటును 2 నుండి 10 మిల్లీగ్రాముల నడుమను, ఫాస్ఫేటును 0.03 నుండి 0.1 నడుమను నిలుపుట మేలని యెంచుచున్నారు. సముద్రములోని సహజమైన దిబ్బపై ఇంతకంటె తక్కువయే. కాని అచ్చట ప్రవాహము ఎడతెగక ఆహారమును మోసికొనివచ్చును, తొట్టెలో ఆ దాత లేడు.

మన తెలుగు తీరమునకు పగడపు దిబ్బలు దూరము. భారతదేశపు దిబ్బలు మన్నారు సింధుశాఖలోను, కచ్ సింధుశాఖలోను, లక్షద్వీపములలోను, అండమాన్ నికోబార్ దీవులలోను గలవు. రాతిపగడములు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరియున్నవి గనుక, మన సముద్రమునుండి వానిని తీయుటయు అమ్ముటయు నేరములు. పెంపుడు ముక్కలనుండి వృద్ధిచేసిన పగడములు అంగడిలో దొరకు విదేశములలోని తెలుగువారికి ఈ వేడుక సుకరము. స్వదేశమున నున్నవారు చట్టమును తెలిసికొన్న పిదపనే అడుగిడవలెను. ఎచ్చట నున్నవారైనను, మొదటి పగడమును కొనుటకు ముందు నైట్రేటు, ఫాస్ఫేటు పరీక్షాసామగ్రిని, కొలతలు వ్రాయుటకొక పుస్తకమును కొనుడు. నాచు కనబడిన నాడు మందు సీసాను వెదకక, గడచిన నెలల వ్రాతను చదివి, వేయుచున్న ఆహారమును ముందు తగ్గింపుడు.