మొఱ పెట్టుకొనుట

చేతనైనంత చేసి, వైద్యుడు పెదవి విఱిచి, అప్పులవాడు గడప దిగక, అయినవారు ముఖము చాటువేసిన తరువాత మిగులు శూన్యస్థితిలో ప్రార్థింపుమని చెప్పుట సులభము; ఎట్లు ప్రార్థింపవలెనో చెప్పుట కష్టము. క్రైస్తవ సంప్రదాయము ఈ రెండవ విషయమును గూర్చి రెండువేల యేండ్లుగా ఆలోచించినది. దానికి తల్లివేరైన యూదుల ధర్మము అంతకు పూర్వమే ఆలోచించినది. దుఃఖమును దిగమ్రింగి, లేని ప్రశాంతతను మొగమునకు పులుముకొని దేవుని సన్నిధికి పోనక్కఱలేదని, దుఃఖముతోనే పోవలెనని ఆ సంప్రదాయము నేర్పుచున్నది. నిరాశకు విఱుగుడు అచ్చటనే మొదలగునని నా దృఢవిశ్వాసము.

స్తుతిగీతముల సంపుటి యని మనము తలచు కీర్తనల గ్రంథమున, 150 కీర్తనలలో సుమారు మూడవవంతు విలాపములే. 13వ కీర్తన చూడుడు. ఉన్నవి ఆఱు వచనములు. మొదటి రెంటిలోనే ఈ బాధ యెంతకాలమను ప్రశ్న నాలుగుమాఱులు వచ్చును. దేవుడు తన్ను మఱచెనా యని భక్తుడు నిలదీయును. పిమ్మట తన కన్నులకు వెలుగిమ్మని వేడుకొనును. తుదకు పాడుదునని మాట యిచ్చును. ఆ యాఱు వచనములలో అతని శత్రువు తొలగినట్లు గాని, వ్యాధి తీఱినట్లు గాని ఎచ్చటను లేదు. మారినదెల్ల అతడు నిలిచిన చోటు మాత్రమే. ఫిర్యాదు నోట వెడలుటకు ముందే, వినువానిని పేరుపెట్టి పిలుచుట అందున్న కీలకము. నిస్సహాయత మనుష్యుని మొట్టమొదట ఒంటరిని చేయును గనుక, ఆ పిలుపే మొదటి యుపశమనము.

42, 43 కీర్తనలలో మఱియొక పద్ధతి కలదు. అందు భక్తుడు దేవునితోనే గాక తన ప్రాణముతోను మాటలాడును. ఏల క్రుంగితివని దానిని అడుగును, కొంత ఓదార్చును, మరల క్రుంగును, మరల అడుగును. ఆ పల్లవి మూడుమాఱులు వచ్చును. ఒకసారి ధైర్యము చెప్పుకొన్నంతనే మనస్సు కుదుటపడునని ఈ కవి నటింపలేదు. పూర్వము పండుగనాడు జనసమూహముతో దేవాలయమునకు నడచిన దినములను అతడు తలంచుకొనును. ఆ జ్ఞాపకము కన్నీరు తెచ్చుచునే, ఒకప్పుడు నడిపించినవాడు ఇప్పుడును ఉన్నాడను ఆధారమును చేతికందించును.

విలాపవాక్యముల గ్రంథము ఇంతకంటె గంభీరమైనది. క్రీస్తుపూర్వము ఆఱవ శతాబ్దిలో బబులోను సేనలు యెరూషలేమును నేలమట్టము చేసిన పిమ్మట, ఆ శిథిలముల నడుమ పుట్టిన అయిదు గీతములవి. అందు మొదటి నాలుగును హెబ్రీ వర్ణమాల క్రమమున, ఇరువదిరెండు అక్షరములతో వరుసగ మొదలగు చరణములతో కూర్చబడినవి. మూడవ గీతమున ఒక్కొక్క యక్షరమునకు మూడేసి వచనముల చొప్పున 66 వచనములున్నవి. ఊరు తగులబడి బిడ్డలు ఆకలిచే సొమ్మసిల్లుచుండ అక్షరక్రమమును పాటించు ఓపిక యెట్లు కలిగెనని మొదట ఆశ్చర్యము కలుగును. కాని గట్టులేని దుఃఖము మనుష్యుని ముంచివేయును. మొదటి యక్షరమునుండి కడపటి యక్షరమువఱకు చెప్పుకొన్న దుఃఖమునకు ఒక హద్దు ఏర్పడును. ఇంకొక విశేషము: దేవుని కృప ప్రతి యుదయమును క్రొత్తదియను నమ్మకము ఆ గ్రంథమున చివర లేదు, మూడవ గీతమున, అనగా నడిమధ్యనున్నది. దాని తరువాత మరల రెండు గీతముల దుఃఖము. అయిదవదానికి ఇరువదిరెండు వచనములున్నను అక్షరక్రమము లేదు. అది జవాబు లేని ప్రశ్నతో ముగియును. ఆశ పుట్టిన తరువాతను ఏడ్వవచ్చునని ఈ కూర్పు మనకు అనుజ్ఞ యిచ్చుచున్నది. 88వ కీర్తన అంతకంటె సాహసించి, చీకటిని పేర్కొనుచునే నిలిచిపోవును. దానిని గ్రంథమునుండి తొలగింపని పెద్దల వివేకమునకు చేతులెత్తి నమస్కరింపవలెను.

ప్రార్థించిన వ్యాధి తప్పక కుదురునని, కుదురనిచో రోగికి విశ్వాసము చాలలేదని బోధించువారు మన యూళ్లలో ఈనాడును కలరు. చావుబ్రతుకుల నడుమనున్నవానిపై నేరము కూడ మోపు అట్టి బోధ క్రూరమైనది. అది సువార్తకు విరుద్ధమని చెప్పుటకు నేను జంకను. గెత్సేమనే తోటలో యేసు ఒకే ప్రార్థనను మూడుమాఱులు చేసెను. మెలకువగ నుండుడని తాను కోరిన శిష్యులు నిద్రించిరి. తొలగింపుమని వేడిన శ్రమల గిన్నె తొలగలేదు. పౌలు తన శరీరములోని ముల్లును గూర్చి మూడుమాఱులు వేడుకొనెను. ముల్లు పోలేదు, సహించుటకు చాలిన కృప మాత్రము లభించెను. వీరికి విశ్వాసము చాలలేదని యెవడు పలుకగలడు?

మాటలు రానివారికి ఈ సంప్రదాయమున సంఘమే నోరగును. మన పల్లెలలో శుక్రవారపు ఉపవాసప్రార్థనకు ఏదో యొక యింటి వసారాలో చాప పఱచుకొని, కొంగు తలమీదికి లాగుకొని స్త్రీలు కూర్చుందురు. డోలక్కుతో రెండు పాటలైన పిమ్మట ఒక్కొక్కరు తమ మనవి చెప్పుకొందురు. "మా చిన్నోడు మాట వినడం లేదయ్యగారూ, వాడి గురించి ప్రార్థన చెయ్యండి," అని యొకతె యనును. మఱియొకతె ఏమియు చెప్పలేక కన్నీరు తుడుచుకొనును. "చెప్పలేకపోతే ఊరుకోమ్మా, ఆయనకు తెలుసు," అని సంఘకాపరియైన అయ్యగారు ఆమె పక్షమున మోకరించును. చుట్టునున్నవారు "స్తోత్రం" అనుచు ఆ భారమును తమదిగ చేసికొందురు. ఉచ్చరింప శక్యము కాని మూలుగులతో ఆత్మయే మన పక్షమున విజ్ఞాపన చేయునని రోమా పత్రిక యెనిమిదవ అధ్యాయము చెప్పునది ఆ వసారాలో కంటికి కనబడును. షిలోహు మందిరమున సంతానములేని హన్నా పెదవులు కదలుచు స్వరము వినబడకుండ ప్రార్థింపగా, యాజకుడైన ఏలీ ఆమె మత్తురాలని భ్రమపడెను. మన అయ్యగారు ఆ పొరపాటు చేయరు.

ఇట్టి ప్రార్థనకు మన తెలుగునాటి దృష్టాంతము ఒంగోలు ప్రార్థన కొండ. నెల్లూరిలోని అమెరికన్ బాప్టిస్టు మిషను యేండ్లతరబడి ఫలింపకపోగా, దానిని మూసివేయుదమా యని 1853లో అమెరికాలోని పెద్దలు చర్చించిరి. మఱుసటి సంవత్సరాదినాడు, 1854 జనవరి 1వ తేదీ వేకువజామున, ఆ మిషను బోధకుడు లైమన్ జ్యూయెట్ దొరయు, ఆయన భార్యయు, నర్సు అను తెలుగు క్రైస్తవుడును, జూలియా, రూతు అను స్త్రీలును ఆ కొండయెక్కి, క్రింద కనబడు పల్లెల కొఱకు ఒకరి తరువాత నొకరు ప్రార్థించిరి. కొండ దిగినపు డేమియు మారియుండలేదు. ఆ మిషనుకే చెందిన జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలునకు కాపురము వచ్చినది 1866లో. నడుమనున్న ఆ పన్నెండేండ్లను గూర్చి వ్రాయువారు తక్కువ. ప్రార్థనకు పరీక్ష జరిగినది మాత్రము అప్పుడే.

1876-78 సంవత్సరముల ఘోరక్షామమున క్లౌ మోకాళ్లమీదనే కూర్చుండలేదు. పూర్వము భూమికొలత పని నేర్చినవాడగుటచే, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి పని కల్పించెను. బోధకులు ఆ కూలీల నడుమనే యుండి, పని ఆపి కూర్చున్నవేళల వారి కష్టసుఖములు విని ఓదార్చిరి. బాప్తిస్మము కోరివచ్చినవారిని మాత్రము కరవు గడచువఱకు ఆయన చేర్చుకొనలేదు. ఆకలిలోనున్నవాని యంగీకారము స్వేచ్ఛగా నిచ్చినది కాదని ఆయన శంక. పని ముగిసినది, ఇక సహాయద్రవ్యము లేదని చెప్పినను జనులు మరలిపోలేదు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి కడ గుండ్లకమ్మ నీటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.