తాళం తప్పినవాళ్ళు

మా మనవరాలు డిగ్రీలో సైకాలజీ తీసుకుంది. మొన్న ఆదివారం వరండాలో కూర్చుని పైకి చదువుతోంది: మనస్తత్వశాస్త్రం 1879లో లైప్జిగ్‌లో పుట్టింది, దానికి తండ్రి విల్‌హెల్మ్ వుంట్. నాకు చిర్రెత్తింది. ప్రతిదానికీ ఒక పుట్టినరోజూ ఒక తండ్రీ ఉండి తీరాలనే పాఠ్యపుస్తకాల జబ్బు మీద నేనెన్నిసార్లు విరుచుకుపడ్డానో ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలుసు. "అరిస్టాటిల్ ఆత్మ మీద ఏకంగా పుస్తకమే రాశాడే, ఆయన్నేం చేశారు?" అన్నాను. "వుంట్ అని రాస్తేనే మార్కు, తాతయ్యా" అంది.

నా లెక్కలో ఈ కథ గ్రీనిచ్‌లో మొదలవుతుంది. 1796లో అక్కడి ఆస్థాన ఖగోళ శాస్త్రజ్ఞుడు మాస్కెలిన్ తన సహాయకుడు కిన్నెబ్రూక్‌ను పనిలోంచి తీసేశాడు. ఆ పని ఏమిటంటే, టెలిస్కోపులో నక్షత్రం సన్నటి తీగను దాటుతుంటే కన్ను దానిమీద, చెవి గడియారం టిక్కుల మీద ఉంచి, సెకనులో పదో వంతు దాకా అంచనా కట్టడం. దొర లెక్కకీ కుర్రాడి లెక్కకీ 0.8 సెకను తేడా వచ్చింది. తేడా వస్తే తప్పు కుర్రాడిదేగా.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ధనుర్మాసం భజనలో, మా రామాలయంలో నా చేతికి తాళాలిచ్చారు. కళ్ళు భజన గురువుగారి పెదాల మీద, చెవులు మృదంగం మీద. పెదవి కదలడం చూసి కొడితే మృదంగానికి ముందు పడుతోంది, మృదంగం విని కొడితే పాటకు వెనకబడుతోంది. మూడో కీర్తనలో ఆయన పాట ఆపకుండానే చెయ్యి చాచి తాళాలు లాక్కుని పక్కవాడికిచ్చారు. పురికొస ముడి నా వేలికి చిక్కుకుని ఓ పట్టాన రాలేదు. ఆ కాస్సేపూ అందరూ నన్నే చూశారు. ఆ రోజు ప్రసాదం పెట్టించుకోకుండానే ఇంటికొచ్చేశాను.

కిన్నెబ్రూక్ 1802లో పోయాడు. మరో ఇరవై ఏళ్ళకు కోనిగ్స్‌బర్గ్‌లో బెస్సెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు తన లెక్కల్ని తోటివాళ్ళ లెక్కలతో పోల్చి చూస్తే, ఒకరికీ ఒకరికీ పొసగలేదు. ఒకాయనతో తేడా సెకను పైనే. అంటే అది తప్పు కాదు, మనిషికో తీరు! మనసు గణితానికి లొంగదు, కాబట్టి దాని గురించిన చదువు అసలైన సైన్సు కాలేదని 1786లో తేల్చేసిన కాంట్‌దీ ఆ ఊరే. ఆయన ఊళ్ళోనే మనసుకొక అంకె దొరికింది. కనుక ఈ శాస్త్రం పుట్టిల్లు కోనిగ్స్‌బర్గ్ అని రాసి, పాఠ్యపుస్తకం నోరు మూయిద్దామని కూర్చున్నాను.

అక్కడే చిక్కొచ్చిపడింది. బెస్సెల్‌కు ఆ అంకె ఎందుకు? తీసి పారేయడానికి. ఆయనకు కావలసింది నక్షత్రం. మనిషి తీరు బియ్యంలో రాయి. ఆ రాళ్ళను ఏరి దాచుకున్నవాడు వుంట్. 1861లోనే ఊగే లోలకం చూస్తూ గంట వింటూ, కన్నూ చెవీ రెండింటి మీదా మనసు ఒకేసారి నిలవదని తన మీదే తేల్చుకున్నాడు. లైప్జిగ్‌లో శిష్యులను కూర్చోబెట్టి, చప్పుడు వినగానే మీట నొక్కమని, సెకనులో వెయ్యో వంతు చూపే గడియారంతో ఆ ఆలస్యాన్నే కొలిపించాడు. ఆలస్యమైనవాణ్ణి అక్కడ ఎవరూ పొమ్మనలేదు. సరే, ఆ మార్కు వుంట్‌కే వెయ్యండి.

నిన్న మనవరాలు స్కేలు తెచ్చి, పైనుంచి వదులుతాను పట్టుకోమంది. తను 15 దగ్గర పట్టుకుంది. నాకు ఆరుసార్లు వదిలినా ఒక్కసారీ 23 లోపు చిక్కలేదు. ఆరూ నోట్సులో రాసుకుంది.