పాతనగరంలో ఫిగర్ డ్రాయింగ్ సాధన: కొలత, భంగిమ, చూపు

మనిషిని ఎదుట పెట్టుకొని, ఆ దేహపు కొలతను, వాలును, బరువును గీతల్లోకి తెచ్చే అభ్యాసాన్ని చిత్రకళా విద్యార్థులు ఫిగర్ డ్రాయింగ్ అంటారు. మోడల్‌ను ఒకే భంగిమలో కూర్చోబెట్టి చాలాసేపు గీసే పద్ధతికి లైఫ్ స్టడీ అని పేరు. చిత్రకారుడి చదువులో ఇంతగా అపార్థానికి లోనైన పాఠం మరొకటి లేదు. పోలిక కుదిరితే చాలునని కొత్తగా చేరినవారు భావిస్తారు గాని, ముఖం అచ్చుగుద్దినట్టు వచ్చిన బొమ్మ కూడా కాళ్ల మీద నిలబడలేక పక్కకు ఒరిగిపోవచ్చునని వారికి కొన్ని నెలల సాధన తరువాత గాని తెలియదు. విద్యార్థి పురోగతి చేతివాటం పెరగడంలో కన్నా, దేహంలో దేనిని ముందు చూడాలో తెలియడంలో ఉంటుంది. హైదరాబాదు పాతనగరం ఈ చూపు నేర్చుకోవడానికి అరుదైన చోటు. మూసీ దక్షిణపు ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో ఎన్నటికీ కదలని దేహాలు, అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో చార్మినార్ చుట్టూ క్షణం నిలవని దేహాలు విద్యార్థికి దొరుకుతాయి.

ఈ విద్యకు నేడున్న రూపం ఐరోపా అకాడమీల నుంచి వచ్చింది. 1563లో ఫ్లోరెన్సులోను, 1648లో పారిసులోను అకాడమీలు ఏర్పడ్డాక క్రమంగా స్థిరపడిన పద్ధతి ప్రకారం, విద్యార్థి మొదట ముద్రిత చిత్రాలకు నకళ్లు తీసి, తరువాత ప్రాచీన శిల్పాల ప్లాస్టర్ అచ్చులను గీసి, ఆ రెండూ పట్టుబడ్డాకనే సజీవ మోడల్ ముందు కూర్చునేవాడు. ఆంగ్లేయుల కాలంలో మద్రాసులో 1850లో, కలకత్తాలో 1854లో, బొంబాయిలో 1857లో వెలసిన కళాశాలలు ఈ శిక్షణను మన దేశానికి తెచ్చాయి. బొంబాయి జె.జె. స్కూలులో చదివిన దామెర్ల రామారావు (1897–1925) రాజమహేంద్రవరంలో 1923లో చిత్రకళాశాలను నెలకొల్పగా, నిజాం రాజ్యంలో 1940లో హైదరాబాదు చిత్రకళా పాఠశాల ఆరంభమైంది. అదే ఇప్పుడు మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగంగా ఉంది.

అయితే దేహాన్ని కొలిచి గీయడం మనకు బయటి నుంచి వచ్చిన అలవాటు కాదు. శిల్పశాస్త్రాలలోని తాలమానం ముఖం పొడవును ఒక తాలంగా, తాలాన్ని పన్నెండు అంగుళాలుగా తీసుకొని, దానితోనే మొత్తం మూర్తిని లెక్కకడుతుంది. ఇక్కడి అంగుళం స్కేలు మీదిది కాదు, మూర్తిని బట్టి మారే భాగం. ఈ లెక్కన నవతాల మూర్తి ఎత్తు 108 అంగుళాలు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం పురుషులను హంస, భద్ర, మాలవ్య, రుచక, శశ అనే ఐదు రకాలుగా విభజించి వేర్వేరు ఎత్తులు చెప్పడమే కాక, దేహం చూపరి వైపు తిరిగే తొమ్మిది స్థానాలను, క్షయవృద్ధి అనే సూత్రాన్ని కూడా వివరిస్తుంది. దేహభాగం చూపరికి ఎదురుగా చాచుకొని వచ్చినప్పుడు దాని పొడవు కుదించుకుపోయినట్టు, దగ్గరి కొస పెద్దదైనట్టు కనిపించడాన్ని పట్టుకోవడమే క్షయవృద్ధి. నేటి తరగతి గదిలో విద్యార్థిని అన్నిటికన్నా ఎక్కువగా తికమక పెట్టే సమస్య ఇదే.

అకాడమీ పద్ధతి తల ఎత్తును కొలమానంగా తీసుకుంటుంది. సగటు వయోజనుడి ఎత్తు సుమారు ఏడున్నర తలలు. ఆదర్శ రూపానికి దానిని ఎనిమిదికి పెంచుతారు. కళ్లు తల ఎత్తుకు సరిగా మధ్యలో ఉంటాయి, చేతులు చాపితే ఆ వెడల్పు ఇంచుమించు మనిషి ఎత్తుకు సమానమవుతుంది, గడ్డం నుంచి నుదుటి జుట్టు మొదలయ్యే చోటి దాకా ఉన్న పొడవు మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా ఉన్న పొడవుకు దాదాపు సరిపోతుంది. ఇవన్నీ పుస్తకంలో చదివినంతలో తెలిసేవే అయినా, కొత్త విద్యార్థి కళ్లను నుదుటి మీదికి ఎక్కిస్తాడు, తలను పెద్దది చేస్తాడు, చేతులను, పాదాలను కుదిస్తాడు. మనసు ముఖానికి ఇచ్చే ప్రాధాన్యం కంటి లెక్కను చెరపడమే దీనికి కారణం. అందుకే పెన్సిలును చేయి పూర్తిగా చాచి పట్టుకొని, ఒక కన్ను మూసి, బొటనవేలితో కొలత తీసుకోవడాన్ని మొదటి రోజుల్లోనే నేర్పుతారు.

కొలతకు తోడుగా సాగే సాధనలు ప్రధానంగా మూడు. మొదటిది జెశ్చర్: అర నిమిషం నుంచి రెండు నిమిషాల లోపల, వివరాలేవీ పట్టించుకోకుండా, తల నుంచి పాదం దాకా ప్రవహించే కదలికను బొగ్గుకడ్డీతో ఒక్క ఊపులో పట్టడం. రెండవది కాంటూర్: కాగితం వైపు చూడకుండా, కన్ను దేహపు అంచు వెంట పాకుతున్న వేగంతోనే పెన్సిలును నడపడం. అమెరికన్ అధ్యాపకుడు కిమాన్ నికొలాయిడెస్ బోధన 1941లో పుస్తకంగా వెలువడ్డాక ఈ రెండూ ప్రపంచమంతటా తరగతుల్లోకి వచ్చాయి. మూడవది లంబరేఖ: దారానికి బరువు కట్టి వేలాడదీస్తే వచ్చే నిలువు గీతను ఊహించుకొని, మెడ గుంట నుంచి దానిని కిందికి దించి చూడడం. ఒంటికాలి మీద బరువు మోపి నిలిచిన మనిషిలో ఆ గీత సాధారణంగా బరువు మోసే పాదపు చీలమండ దగ్గరికి చేరుతుంది. ఆ కాలి వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి వాలుతుంది. గ్రీకు శిల్పంలో ఈ ఎదురు వాలుగా కనిపించేదీ, మన శిల్పంలో మెడ, నడుము, మోకాళ్ల దగ్గర మూడు వంపులుగా సాగే త్రిభంగమూ ఒకే దేహ సత్యాన్ని వేర్వేరు అందాలుగా మలిచినవి.

ఈ పాఠాలను నిదానంగా సరిచూసుకోవడానికి సాలార్‌జంగ్ మ్యూజియం సహజమైన తరగతి గది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) కుటుంబ సేకరణలతో 1951లో వారి భవనమైన దివాన్ దేవిడీలో ప్రారంభమై, 1968లో ఇప్పటి భవనానికి తరలిన ఈ మ్యూజియంలో, ఇటలీ శిల్పి జియోవన్నీ మారియా బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం ఉంది. ఆయన తాత, మొదటి సాలార్‌జంగ్, దానిని 1876లో రోములో సంపాదించాడు. సన్నని ముసుగు వెనుక ముఖం కనిపించేలా రాతిని పలుచన చేసిన నేర్పునే సందర్శకులు మెచ్చుకుంటారు గాని, విద్యార్థికి పనికొచ్చేది మరొకటి: బట్ట దేహాన్ని తాకే చోట మడతలు ఎలా బిగుసుకుంటాయో, వేలాడే చోట ఎలా వదులవుతాయో ఆ శిల్పం చూపుతుంది. ఒకే దుంగలో ఒక వైపు ఫౌస్ట్ కథలోని దుష్టపాత్ర మెఫిస్టోఫిలిస్‌ను, మరోవైపు అదే కథలోని మార్గరెట్టాను చెక్కి, వెనుక అద్దం అమర్చిన కొయ్యశిల్పం ఇంకా లోతైన పాఠం. ఒకే ఎత్తు, ఒకే కొయ్య ఉండగా, నిక్కిన ఛాతీ ఒకవైపు అహంకారాన్ని, వంగిన మెడ మరోవైపు అణకువను పలికిస్తాయంటే, భావం ముఖంలో కన్నా వెన్నెముక వాలులో ముందు పుడుతుందని రుజువవుతుంది.

శిల్పం ముందు దొరికే తీరిక వీధిలో దొరకదు గనుక, అక్కడ విద్యార్థి వేరే ఉపాయం వెతుక్కోవాలి. అది, మళ్లీ మళ్లీ అదే భంగిమకు తిరిగి వచ్చే పనులను ఎంచుకోవడం. చార్మినార్ పక్కనున్న లాడ్ బజారులో లక్కను నిప్పుల సెగకు మెత్తబరిచి గాజులుగా తిప్పి రాళ్లు పొదిగేవారు, వెండి రేకును సుత్తితో కొట్టి వరక్ తీసేవారు ఒకే కదలికను వందలసార్లు చేస్తారు. చేయి పైకి లేచినప్పుడు ఒక గీత, మళ్లీ లేచినప్పుడు మరో గీత వేసుకుంటూ పోతే, కదిలే దేహం కూడా మోడల్‌గా మారుతుంది. తోపుడు బండిని నెట్టే మనిషిలో వెనుక మడమ నుంచి భుజం దాకా సాగే ఏటవాలు గీత, జెశ్చర్ పాఠానికి నిలువెత్తు ఉదాహరణ. ఇరానీ హోటల్లో చాయ్ ముందు కూర్చున్నవారు కాస్త ఎక్కువ వ్యవధినిస్తారు. బురఖా, దుపట్టా, షేర్వానీ వంటి దుస్తుల కింద భుజం, మోచేయి, మోకాలు ఎక్కడున్నాయో ఊహించడానికి మ్యూజియంలో గమనించిన మడతలే ఆధారం. గీయబోయే వ్యక్తిని సైగతోనైనా అనుమతి అడగడం, వద్దంటే పుస్తకం మూసేయడం, మహిళల విషయంలో మరింత జాగ్రత్త వహించడం ఈ సాధనలో భాగమేనని చెప్పాలి.

ఈ దారిలో విద్యార్థి ప్రగతి మెట్లు ఎక్కినట్టు సాగదు. మొదటి దశలో బొమ్మ ముఖంతో మొదలై, కాగితం చాలక పాదాలు తెగిపోతాయి. తడబడే గీత మీద గీత పడి అంచులు బొచ్చుగా కనిపిస్తాయి. రెండవ దశలో కొలతలు సరిపడి, దేహం మాత్రం కర్రలా బిగుసుకుంటుంది. మూడవ దశలో కదలిక వస్తుంది గాని కొలతలు మళ్లీ తప్పుతాయి. కిందటి నెల వచ్చింది ఈ నెల పోయిందని విద్యార్థి నిరాశపడే ఘట్టమిదే. నిజానికి ఈ దశలో కన్ను చేతిని మించి ఎదుగుతుంది గనుక, మునుపు కనిపించని తప్పులు ఇప్పుడు కనిపిస్తాయి. ప్రతి కాగితం మీదా తేదీ, తీసుకున్న సమయం రాసిపెట్టుకొని, అదే శిల్పాన్ని కొన్ని నెలల ఎడంతో మళ్లీ గీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవారికి ఈ నిరాశ ఎక్కువ కాలం నిలవదు. మంచి బొమ్మలను మాత్రమే దాచుకొని మిగతావి చింపేసేవారు తమ ఎదుగుదలకు సాక్ష్యాన్ని తామే పోగొట్టుకుంటారు.

కెమెరా ప్రతి చేతిలోనూ ఉన్న కాలంలో ఈ శ్రమ దేనికన్న ప్రశ్నకు తెలంగాణ చిత్రకారులే సమాధానమిచ్చారు. హైదరాబాదు కళాశాలలోను, తరువాత బరోడాలోను చదివిన కె. లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం ఇద్దరూ పల్లె మనుషుల దేహాలనే గీశారు. అయితే లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో సన్నగా మెలిదిరిగే గీత వేరు, వైకుంఠం స్త్రీమూర్తులను చుట్టి నిలిపే నిబ్బరమైన గీత వేరు. ఇద్దరూ కొలతలను కావాలని సాగదీశారు, పెంచారు. ఆ మార్పు తప్పుగా కాక శైలిగా నిలవడానికి, మార్చిన దేహాన్ని వారు ముందే ఎరిగి ఉండడం కారణం. శిక్షణ విద్యార్థి గీతను ఒకే మూసలో పోస్తుందన్న భయానికి ఈ ఇద్దరి పనిలోని తేడా చాలినంత జవాబు.

కాబట్టి తన సాధన ఎంతవరకు వచ్చిందో తెలుసుకోదలచిన విద్యార్థి, బొమ్మ అందంగా ఉందా, పోలిక వచ్చిందా అన్న ప్రశ్నలను కాస్త పక్కన పెట్టడం మేలు. చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి రద్దీలో రెండు నిమిషాల్లో గీసిన ఒక బొమ్మను, ఆ మనిషిని చూడని మిత్రుడికి చూపి, బరువు ఏ కాలి మీద ఉందో, ఆ మనిషి పని మొదలుపెడుతున్నాడో ముగిస్తున్నాడో చెప్పమని అడగాలి. ముఖం గీయకపోయినా అతడు తడుముకోకుండా చెప్పగలిగితే, విద్యార్థి దేనిని ముందు చూడాలో నేర్చుకున్నట్టే. చెప్పలేకపోతే మరునాడు ఏ పాఠానికి తిరిగి వెళ్లాలో తెలిసినట్టే.