నాన్న వాచీలో ఎవరి ముళ్లు?

నాన్న పోయాక బీరువాలోంచి బయటపడ్డ హెచ్‌ఎంటీ జనతా వాచీ ఇప్పుడు నా బల్ల మీద ఉంది. తెల్లటి డయల్. దాని మీద రేడియం చుక్క ఒక్కటీ లేదు. ముళ్లలో మాత్రం ఆ పచ్చటి పూత నిండా ఉంది. చీకట్లో ముళ్లు వెలిగి గంటల గుర్తులు వెలగకపోతే టైము ఎలా తెలుస్తుంది? అందుకే అనుమానం వచ్చింది. ఈ ముళ్లు దీనితో పుట్టినవి కావు.

పాత వాచీని పేరు చూసి తేల్చెయ్యకూడదు. పేరు ఉండేది డయల్ మీద, డయల్ మారిపోవడం తేలిక. మిషను మీద చెక్కిన నంబరు చూడాలి. మా వాచీలో ఉన్నది 0231, 17 జ్యువెల్స్, రోజూ కీ ఇవ్వాల్సిన రకం. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్‌ఎంటీ 1961లో బెంగళూరులో వాచీల పని మొదలుపెట్టింది. ఈ 0231నే జనతాలోనూ పెట్టారు, నల్ల డయల్ ఉండే పైలట్ మోడల్‌లోనూ పెట్టారు. కనుక దీని ముళ్లు దానికి, దాని ముళ్లు దీనికి చక్కగా కూర్చుంటాయి. ముల్లు విరిగిన వాచీ వస్తే మెకానిక్ తన డబ్బాలో వెతికి సరిపోయేది వేసేవాడు. తెల్లారితే డ్యూటీకి పోవాల్సిన మనిషికి అది పెద్ద ఉపకారం. దాన్ని మోసమంటే నేను ఒప్పుకోను.

మోసం వేరే ఉంది. 2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించాక పాతవాటి మీద మోజు పెరిగింది. అరిగిన డయల్‌కి మళ్లీ రంగేసి, కొత్తగా అక్షరాలు అచ్చేసి అమ్ముతున్నారు. భూతద్దంలో చూస్తే అక్షరాల అంచులు ఉబ్బి ఉంటాయి, నిమిషాల గీతలు గంటల గుర్తులకు ఎదురుగా నిలబడవు. నిమిషాల ముల్లు కొస గీతల దాకా రావాలి. పొట్టిగా ఆగిపోయినా, గీతలు దాటి పోయినా వేరే వాచీదని అనుమానించాలి. డయల్ వెనక రెండు చిన్న కాళ్లుంటాయి, మిషను రంధ్రాల్లో దిగడానికి. వాటిని కత్తిరించి బంకతో అంటించి ఉంటే ఆ డయల్ ఈ మిషనుది కాదన్నట్టే.

బ్యాక్ కవర్ లోపలి వైపు చూశాక నేను చాలాసేపు మాట్లాడలేదు. సూదిమొనతో గీసిన రాతలు మూడు, మూడు చేతులవి. మెకానిక్కులు రిపేరు చేసిన గుర్తుగా అలా గీసుకుంటారు. ఒకటి 11-86 అని స్పష్టంగా ఉంది. అమ్మనడిగితే, ఆ చలికాలమే నాన్న సైకిలు మీంచి పడి గ్లాసు పగలగొట్టుకున్నారని చెప్పింది. ముళ్లు అప్పుడే మారాయని నా నమ్మకం.

జనతా ముళ్లు దొరుకుతాయి, వేసేద్దామా అన్నారు మా ఊరి మెకానిక్. వద్దన్నాను. ఎండిపోయిన నూనె కడిగించి కొత్త నూనె వేయించాను, అంతే. ఆయన సూది తీసి కవర్ మీద తారీఖు గీయబోతుంటే ఒక్క క్షణం ఆపాలనిపించింది. ఆపలేదు. పాత మూడు రాతల కింద కాస్త చోటుంది, అక్కడే గీశారు.