బొమ్మలవాడి చెయ్యి: యిర్జీ త్రన్కా కళాజీవితం

బాలల కోసం సృష్టించే కళ అంటే మన విమర్శకు చిన్నచూపు. పిల్లల కథ రాసినవాణ్ణి మెచ్చుకుంటాం గాని, అతని జీవిత దృక్పథం ఏమిటని అడగం. ఆ ప్రశ్న తప్పక అడగవలసిన కళాకారుడు చెక్ బొమ్మల చలనచిత్ర దర్శకుడు యిర్జీ త్రన్కా (1912–1969).

ప్లజెన్ పట్టణంలో పుట్టిన త్రన్కాకు బడిలో చిత్రలేఖనం నేర్పిన యోసెఫ్ స్కూపా స్వయంగా పేరుమోసిన బొమ్మలాట కళాకారుడు. ఆ సాహచర్యమే అతని దారిని నిర్ణయించింది. ప్రాగ్‌లో చదువు ముగించి, 1936లో సొంతంగా కొయ్యబొమ్మల నాటకశాల పెట్టాడు. అది ఎంతోకాలం నిలవలేదు. తర్వాత పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేశాడు. 1945లో నాజీ ఆక్రమణ అంతమైంది. చలనచిత్ర పరిశ్రమ జాతీయమైంది. ఆ ఏడే ప్రాగ్‌లో కార్టూన్ చిత్రాల స్టూడియోకు సారథి అయ్యాడు. అయితే తన గీతకూ తెరకూ మధ్య ఇన్ని చేతులు పడటం అతనికి రుచించలేదు. మరుసటి ఏడే బొమ్మల చిత్రాలకు మళ్ళాడు.

బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫ్రేము తీయాలి, మళ్ళీ కదపాలి. తెరమీద ఒక్క సెకను నడవడానికి 24 ఫ్రేములు. ఇంత శ్రమపడీ త్రన్కా తన బొమ్మల ముఖాలను మాత్రం కదిలించలేదు. పెదవి విప్పదు, కనుబొమ ముడిపడదు. వెలుగు మారుతుంది, తల కాస్త వాలుతుంది. దుఃఖమో సంతోషమో చూసేవాడికి తెలిసిపోతుంది. ముఖంలో లేని భావాన్ని పసివాడు తన ఊహతో నింపుకుంటాడు. ప్రేక్షకుడి మీద ఈ గౌరవమే త్రన్కా శిల్పానికి మూలం.

చెక్ పల్లెల పండుగలను 'ష్పాలిచెక్' (1947)లో చూపాడు. ఆండర్సన్ కథ ఆధారంగా 'చక్రవర్తి నైటింగేల్' (1949) తీశాడు. కొలువు మెచ్చిన యంత్రపు పిట్ట చెడిపోయి మూగపోతుంది. అడవిపిట్ట తనంత తాను వచ్చి పాడుతుంది. పాట ఎవరి ఆజ్ఞకు పుడుతుందన్న ఈ ప్రశ్నే 16 ఏళ్ళ తర్వాత అతని చివరి చిత్రం 'చెయ్యి' (1965)లో తీవ్రరూపం దాల్చింది.

ఒక చిన్న గదిలో ఒక బొమ్మ తన పూలమొక్క కోసం మట్టికుండ చేసుకుంటుంది. ఒక పెద్ద చెయ్యి తలుపు తోసుకొచ్చి, కుండ కాదు, నా విగ్రహం చెయ్యమంటుంది. బతిమాలుతుంది, ఆశపెడుతుంది, చివరికి పంజరంలో పెట్టి చేయిస్తుంది. బొమ్మ తప్పించుకుని ఇల్లు చేరుతుంది గాని, తన కుండే తలమీద పడి చనిపోతుంది. చెయ్యి దానికి ఘనంగా అంత్యక్రియలు జరుపుతుంది.

1968లో త్రన్కాకు బాలల పుస్తక చిత్రణకు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం వచ్చింది. ఆ ఆగస్టులోనే ప్రాగ్ వీధుల్లోకి వార్సా ఒప్పంద దేశాల ట్యాంకులు వచ్చాయి. 1969 డిసెంబరు 30న అతను మరణించాడు. ఆ తర్వాత 'చెయ్యి' చిత్రాన్ని నిషేధించారు.

సోషలిజం కళకు శత్రువనడానికి దీన్ని సాక్ష్యంగా చూపేవారున్నారు. త్రన్కాకు స్టూడియోను, టిక్కెట్ల అమ్మకం మీద ఆధారపడని తీరికను ఇచ్చింది ఆ జాతీయ పరిశ్రమేనని వారు మరుస్తారు. ఇది వ్యక్తివాది నిస్పృహ అని కొట్టిపారేసేవారూ ఉన్నారు. అన్నం పెట్టిన చెయ్యి అయినంత మాత్రాన దాని విగ్రహమే చెక్కాలన్న నియమం లేదని వీరు గుర్తించరు. ఆ చిత్రంలో చెయ్యి నెపోలియన్ చెయ్యిగానూ, అమెరికా స్వేచ్ఛా విగ్రహం చెయ్యిగానూ కనిపిస్తుంది. అది ఒక్క రాజ్యానికి చెందింది కాదు.

నిబద్ధత అంటే కళాకారుడు ప్రజలకు ఇచ్చే మాట. అధికారానికి రాసిచ్చే పత్రం కాదు. ఈ తేడాను మనకు చెప్పినవాడు పిల్లల బొమ్మలవాడు. కనీసం ఇకనైనా బాలల కళను విమర్శ పంక్తిలో చివర కూర్చోబెట్టడం మానుకోవాలి.